ఫిట్ అయినందుకు స్వీట్లు

మేం బాయిలని పిలిచే మా బొగ్గు గనుల దగ్గర ఒక మనిషి వైద్య పరీక్షకు పోయి ఫిట్ అని రాయించుకుని వస్తే, ఎదురొచ్చినవాళ్ళు భుజం మీద చెయ్యి వేసి ఓదారుస్తారు. అన్‌ఫిట్ అని వస్తే ఇంటింటికీ స్వీట్లు పంచుతారు. బయటివాళ్ళకు ఇది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. మాకు ఇందులో వింతేమీ లేదు. ఇక బాయిలోకి దిగడానికి పనికిరాడని డాక్టర్ల బోర్డు తేల్చిన కార్మికుడి ఇంట్లో కొడుక్కో, పెళ్ళికాని కూతురికో ఉద్యోగం వస్తుంది. కాకపోతే అప్పటికి తండ్రికి ఇంకా కొంత సర్వీసు మిగిలి ఉండాలి. అందుకే గోదావరిఖనిలో యాభై దాటిన మనిషికి ఛాతీలో కాస్త మంటగా ఉందంటే, ఇంట్లోవాళ్ళు ఒక కంట భయపడతారు, ఇంకో కంట ఆశపడతారు.

నేను యాభై ఏడో ఏట గుడ్లు తిని, ఇనుము ఎత్తి, సైకిల్ తొక్కి ఫిట్ అయ్యాను. అందుకు మా ఇంట్లో ఎవరు ఏం పోగొట్టుకున్నారో చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

కాలి బొటనవేలికి తగిలిన చిన్న దెబ్బ నెల దాటినా మానలేదు. దవాఖానకు పోతే డాక్టర్ వేలు చూడకుండా రక్తం తీయించాడు. షుగర్ బాగా ఎక్కువుంది. బరువు చూసి, పొట్ట చూసి, మందు గోళీలు రాసిచ్చి అన్నం తగ్గించమన్నాడు. నాకు ముక్కు మీద కోపం. మా తాత ముత్తాతలందరూ అన్నం తినే బతికారని ఆయనతో వాదన పెట్టుకున్నాను. వాళ్ళు మిషను మీద కూర్చుని బొగ్గు ఎత్తారా అని ఆయన అడిగాడు. కొత్తలో నేను తట్టతో బొగ్గు నింపిన మాట నిజమే. కానీ పదిహేనేళ్ళుగా బొగ్గు ఎత్తేది మిషను, నేను లివర్లు లాగేవాణ్ణి మాత్రమే.

ఇంటికి వచ్చి చెబితే నా భార్య ముఖం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని, వెనక క్వార్టర్ల లైనులో ఉన్నాయనకు కూడా ఇలాగే మొదలైందని మెల్లగా అంది. ఆయనకు షుగర్ కిడ్నీలకు పాకింది, బోర్డు అన్‌ఫిట్ చేసింది, ఇప్పుడు ఆయన కొడుకు డ్యూటీ చేస్తున్నాడు. ఆమె మనసులో ఏముందో నాకు అర్థమైంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. మాకున్నది ఒక్కతే బిడ్డ. కాలేజీలో ఉన్నప్పుడు వెయిట్‌లిఫ్టింగ్‌లో రాష్ట్రస్థాయి దాకా పోయి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా ప్రైవేటు స్కూల్లో పిల్లలతో డ్రిల్లు చేయిస్తోంది. ఎండాకాలం సెలవులు వస్తే జీతం ఉండదు. ఆడపిల్లలు కూడా ఇప్పుడు బాయిల్లో పనిచేస్తున్నారు కదా, నాకు వస్తే నేనూ దిగుతానని చాలాసార్లు అంది.

నాకు ఎనిమిది నెలల్లో వైద్య పరీక్ష ఉంది. అందులో బోర్డుకు పంపితే పంపినట్టు. లేకపోతే ఆ తర్వాత ఉద్యోగం ఇంకొకరికి రావడానికి నా సర్వీసు చాలదు. అంటే బిడ్డకు అదే చివరి దారి. బాయిలో తోటివాళ్ళు ఈ సంగతి నాకన్నా ముందే పట్టేశారు. గోళీలు మానెయ్యి, అన్నం దండిగా తిను, ఎనిమిది నెలల్లో పని దానంతటదే అవుతుందని సలహా ఇచ్చారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. నా మీద ప్రేమతోనే చెప్పారు.

ఆ సాయంత్రమే బిడ్డ ఒక చార్టు రాసి తెచ్చింది. పొద్దున మూడు గుడ్లు, మధ్యాహ్నం కోడికూరో చేపో పప్పో, దానికి రెండింతలు ఆకుకూర, ఒక గిన్నె పెరుగు, గుప్పెడు పల్లీలు. అన్నం లేదు, చక్కెర చాయ్ లేదు, ఆదివారం ఈతకల్లు లేదు. వారానికి మూడు రోజులు ఇనుము ఎత్తడం, మూడు రోజులు సైకిల్. నేను చార్టు చదివి, నన్ను చంపడానికి షుగర్ ఒక్కటి చాలదా అన్నాను. అది నవ్వలేదు. డాక్టరుకు చూపించే రాశానని చెప్పింది.

మొదటి నెలంతా నేను మోసం చేశాను. మోసమని తెలియకుండానే చేశాను. అన్నం మానెయ్యమన్నారు కదా, మానేశాను. దాని బదులు పూటకు నాలుగు జొన్నరొట్టెలు లాగించాను. మా వైపు షుగర్ అనగానే అందరూ జొన్నరొట్టెకు మారతారు. అది మందులాంటిదని, ఎంత తిన్నా ఏమీ కాదని అందరి నమ్మకం. నెల తర్వాత చూస్తే షుగర్ వీసమెత్తు కూడా తగ్గలేదు. జొన్నలూ ధాన్యమేనని, నాలుగు రొట్టెలంటే పళ్ళెం నిండా అన్నం తిన్నట్టేనని బిడ్డ విడమరిచి చెప్పింది. నెల రోజులు నోరు కట్టుకున్న కష్టమంతా గంగలో కలిసింది.

ఇనుము ఎత్తడం క్వార్టర్ వెనక పెరట్లో జరిగేది. బిడ్డ తన పాత కాలేజీ నుంచి అడిగి తెచ్చిన ఒక కడ్డీ, దానికి తొడిగే తుప్పు పట్టిన ఇనుప బిళ్ళలు, సిమెంటు పోసి గట్టిపరచిన రెండు నూనె డబ్బాలు, అదే మా జిమ్ము. ఫస్ట్ షిఫ్టు ఉంటే సాయంత్రం, సెకండ్ షిఫ్టు ఉంటే పొద్దున. నడుము వంచకు, మడమల మీద బరువు పెట్టు, ఊపిరి బిగపట్టి లేపు అని అది చెబుతుంటే చుట్టుపక్కలవాళ్ళు గోడ మీదుగా తొంగి చూసేవాళ్ళు. ముసలోడికి మళ్ళీ పెళ్ళి చేస్తున్నారా అని ఒకామె అడిగిందట. మూడో నెలకు నేను యాభై కిలోలు నేల మీంచి లేపాను. ఆ రోజు చాలా గర్వపడ్డాను, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సైకిల్ మీద గోదావరి బ్రిడ్జి దాకా పోయి, మంచిర్యాల వైపు లారీలు పోతుంటే కాసేపు చూసి, తిరిగి వచ్చేవాణ్ణి. మొదట్లో రెండుసార్లు ఆగేవాణ్ణి, తర్వాత ఆగడం మానేశాను.

బాయి లోపల మాత్రం చిక్కొచ్చింది. మాకు సద్ది తినేటప్పుడు అందరి డబ్బాలూ మధ్యలో పెట్టుకుని తినడం అలవాటు. ఒకరి పచ్చిపులుసు ఇంకొకరి అన్నంలోకి పోతుంది. ఎవరి డబ్బా వాళ్ళు పక్కకు తిప్పుకుని తింటే అది పెద్ద అవమానం. నా డబ్బాలో గుడ్లు, తోటకూర చూసి ముందు నవ్వారు, తర్వాత నొచ్చుకున్నారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. నా కూర వాళ్ళు తినాలి, వాళ్ళ కూరలు నేను తినాలి, అన్నం సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఆ తర్వాత నా భార్య రోజూ ఎనిమిది గుడ్లు ఉడకబెట్టాల్సి వచ్చింది.

ఐదో నెలలో ఒక రోజు షిఫ్టు దిగి, ఏటవాలు దారిలో పైకి నడుస్తుంటే చేతులు వణికాయి. చెమట కారిపోయింది, కళ్ళ ముందు క్యాప్‌ల్యాంపుల వెలుగులు రెండేసి కనిపించాయి. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. పక్కనే తోటి ఆపరేటర్ నడుస్తున్నాడు, మేం ఒకరినొకరం బావా అని పిలుచుకుంటాం. అతను చుట్టూ చూసి నా చెవి దగ్గర అన్నాడు.

"బావా, లేవకు. గిట్లనే పండు. స్ట్రెచర్ మీద మోసుకపోతం. బాయిల పడ్డడని రికార్డుల ఎక్కుతది. బిడ్డ నౌకరి అయిపోయినట్టే."

అబద్ధం చెప్పను. ఒక నిమిషం పాటు పడుకున్నాను. బొగ్గు నేల చల్లగా, హాయిగా ఉంది. అక్కడే ఉంటే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు. బిడ్డ ముఖం గుర్తొచ్చింది. దానికి ఉద్యోగం వచ్చాక ఎలా ఉంటుందో ఆ ముఖం ఊహించుకోవాలని చూశాను. నేను బరువు సరిగ్గా ఎత్తనప్పుడు అది పెట్టే ముఖమే కనిపించింది. మా బావ దగ్గర ఎప్పుడూ ఉండే బెల్లం ముక్క అడిగి నోట్లో వేసుకున్నాను. పది నిమిషాలకు లేచి నడిచాను. బావ రెండు రోజులు నా డబ్బాలో గుడ్డు ముట్టలేదు.

ఇంట్లో చెబితే బిడ్డ అప్పటికప్పుడు స్కూటీ మీద కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. తిండి మారి, ఒళ్ళు కదిలాక కూడా పాత మోతాదులోనే గోళీలు వేసుకుంటున్నాను, అందుకే షుగర్ కిందికి పడిపోయింది. ఎప్పటికప్పుడు వచ్చి చూపించుకోవాలని చెప్పానా లేదా అని డాక్టర్ నన్ను తిట్టి, గోళీలు సగానికి తగ్గించాడు. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగమన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బిడ్డ బండి జోరుగా నడిపింది. నా మీద కోపమనుకున్నాను. క్వార్టర్ ముందు బండి ఆపాక చూస్తే అది ఏడుస్తోంది.

పరీక్షకు వారం ముందు పాత రక్తపరీక్షల కాగితాల కోసం బిడ్డ ప్లాస్టిక్ ఫైలు వెతికాను. ముందు నా చార్టులు ఉన్నాయి, నెలకొకటి, బరువులు ఎర్ర సిరాతో రాసి. వాటి వెనక ఇంకో కాగితం ఉంది. తండ్రి స్థానంలో ఉద్యోగం కోరుతూ పెట్టుకునే దరఖాస్తు. పేరు, చదువు, పుట్టిన తేదీ అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి ఉన్నాయి. మూలకు దాని ఫోటో అంటించి ఉంది. కింద నేను సంతకం చెయ్యాల్సిన చోటొక్కటే ఖాళీ. తేదీ చూస్తే ఎనిమిది నెలల కిందటిది, మొదటి చార్టు మీదున్న తేదీయే.

నాకు ఒళ్ళు మండింది. ఒక చేత్తో నన్ను లేపుతూ ఇంకో చేత్తో ఇది రాసిందా అనిపించింది. స్కూలు నుంచి రాగానే కాగితం దాని ముందు పడేసి, ఏంది ఇది అని అడిగాను. అది తడబడలేదు. చెప్పులు విడిచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"రెండూ ఒక్క దినమే రాసిన బాపూ. సంతకం అడుగుదామని మూడుసార్లు నీ దగ్గరికి వచ్చిన. నువ్వు గుడ్లు ఒలుసుకుంట కూసున్నవ్. అడగ బుద్ధి కాలె."

నీకు నౌకరి వద్దా అని అడిగాను.

"కావాలె. మస్తు కావాలె. గానీ దానికి నీకు రోగం ముదరాలని మొక్కాలె గదా బాపూ. గది నాతోని కాదు."

లోపల నా భార్య గిన్నెలు సర్దడం ఆపేసింది. నేను సిగ్గుపడ్డాను. ఇంతకాలం అది నా ఒళ్ళు గట్టిపరుస్తోందనే అనుకున్నాను, అందుకోసం అది ఏం వదులుకుంటోందో ఒక్కసారి కూడా అడగలేదు. పెన్ను తీసి సంతకం చెయ్యబోయాను. ఇప్పుడు చేసినా దండుగే, నిన్ను బోర్డుకు పంపరు అని బిడ్డ కాగితం తీసుకుపోయి ఫైలులో పెట్టేసింది.

అది చెప్పినట్టే జరిగింది. పరీక్ష రోజు దవాఖాన వరండాలో యాభై మందిమి వరుసలో కూర్చున్నాం. దగ్గేవాళ్ళు దగ్గుతున్నారు, కుంటేవాళ్ళు కుంటుతున్నారు, అందులో ఎవరిది నిజమో ఎవరిది కాదో నాకు తెలియదు. నా బరువు పద్నాలుగు కిలోలు తగ్గింది. షుగర్ అదుపులో ఉంది, బీపీ మామూలుగా ఉంది, ఛాతీ శుభ్రంగా ఉంది. ఈ వయసులో ఇంత బాగా చూసుకుంటున్నావే అని డాక్టర్ మెచ్చుకుని ఫిట్ అని రాశాడు. బయటికి రాగానే ఇద్దరు పాత మిత్రులు నా భుజం తట్టి, బాధపడకన్నా అన్నారు. అలాగే అన్నట్టు తల ఊపాను.

నా భార్య ముందు రోజే, ఎందుకైనా మంచిదని, ఒక కిలో స్వీట్ల డబ్బా తెప్పించి బీరువాలో దాచింది. నేను ఫిట్ అని చెప్పగానే ఆ బీరువా వైపు చూసి కూర్చుండిపోయింది. బిడ్డ లేచి డబ్బా బయటికి తీసింది. ఎక్కడికని తల్లి అడిగితే, పంచడానికే తెచ్చినవ్ కదా అని గడప దాటింది. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను.

పక్కింటామె స్వీటు తీసుకుని, సంతోషం పట్టలేక బిడ్డ గడ్డం పట్టుకుంది.

"డ్యూటీ ఎప్పుడెక్కుతున్నవ్ బిడ్డా?"

"నేను కాదు అక్కా. బాపు ఎక్కుతుండు, రేపు ఫస్ట్ షిఫ్టు. ఫిట్ అయిండు."

ఆమె చేతిలో స్వీటు అలాగే ఉండిపోయింది. ఫిట్ అయినందుకు మా లైనులో స్వీట్లు పంచిన ఇల్లు అప్పటిదాకా లేదు. బిడ్డ తర్వాతి ఇంటికి పోయింది, దాని తర్వాతి ఇంటికి పోయింది. ప్రతి ఇంట్లో అదే ప్రశ్న అడిగారు, ప్రతిసారీ అదే జవాబు చెప్పింది. డబ్బా ఖాళీ చేసి వచ్చి మొహం కడుక్కుంది. నాకు ఒక్క ముక్క కూడా మిగల్చలేదు.

మరునాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఫ్రిజ్ తలుపుకు కొత్త నెల చార్టు అంటించి ఉంది. ఈసారి కడ్డీకి ఇంకో ఐదు కిలోలు పెంచింది. కాగితం ఎందుకు దండుగ చెయ్యాలని ఆ దరఖాస్తు వెనక వైపే రాసింది. పైన మాత్రమే టేపు వేయడంతో తలుపు తీసినప్పుడల్లా ఆ కాగితం కింది నుంచి లేస్తుంది. వెనక మూలకు బిడ్డ ఫోటో కనిపిస్తుంది. నేను గుడ్లు తీసుకుని తలుపు మెల్లగా మూస్తాను.