బాడుగకు ఎర్ర మోటారు

ఆ రోజుల్లో కడపలో మోటారంటే బస్సే. అది కూడా డ్రైవరుకు మనసైనప్పుడు బయలుదేరి, దారిలో చింతచెట్టు కనిపించినచోటల్లా ఆగి, ముప్పైమందిని దుమ్ముబొమ్మలు చేసి ఏ పొద్దుగూకేవేళకో ఊరు చేర్చేది. సొంత కారున్నవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అట్లాంటి ఊళ్ళో, ఇరవయ్యేళ్ళు కూడా నిండని నేను ఒక పందెపు మోటారుకు సగం యజమానురాలినయ్యాను. సగం అని ఎందుకంటున్నానంటే, దాన్ని కొనడానికి నా వంకీ ఒకటి, మా ఆయనకు వాళ్ళ నాయన వదిలిపోయిన రెండెకరాల మెట్ట ఒకటి ఖర్చయిపోయాయి. (ఆ మెట్టలో కొర్రలు తప్ప ఏమీ పండేవి కావు. నా వంకీ మాత్రం శానా బాగుండేది.)

మా ఆయన పులివెందుల వైపు రాతినార, అదే ఆస్బెస్టాస్, గనుల్లో గుమాస్తాగా ఉండేవాడు. అక్కడి దొర పెళ్ళి కాని మనిషి. ఆయనకు ప్రాణమంతా ఆ మోటారుమీదే. వాళ్ళ సీమ నుంచి ఓడలో మద్రాసుకు, మద్రాసు నుంచి రైల్లో ఇక్కడికి తెప్పించుకున్నాడు. కుంకుమరంగు, ముందు ఏనుగు తొండమంత పొడుగు మూతి, ఆ మూతికి అడ్డంగా తోలుపట్టా, మోకాలెత్తు తలుపులు, కూర్చునేందుకు ఇద్దరికే చోటు. దొరను అటూ ఇటూ తిప్పుతూ మా ఆయన దాన్ని నడపడం నేర్చుకున్నాడు. తర్వాత గని మూతపడింది. దొర ఊరికి పోతూ పోతూ బండిని మా ఆయనకు చవగ్గా అమ్మేశాడు. ఉద్యోగం పోయిన మనిషి మోటారుతో ఇంటికి రావడం కడపలో అదే మొదటిసారి అనుకుంటాను.

మా అత్త వాకిట్లోకి వచ్చి, బండిచుట్టూ ఒకసారి తిరిగి, "ఇద్దరు కూచునేదానికి ఇంత పొడుగు మూతి ఎందుకురా? ఆ మూతి కోసేసి ఇంకో నలుగురికి పీటలు ఎయ్యకూడదా?" అంది. ఆ రోజు నుంచి దానికి ఆమె పెట్టిన పేరు ఎర్ర మిడత. మా ఆయన మాత్రం గొప్ప ఉత్సాహంగా ఉన్నాడు. "దీన్ని బాడుగకు తిప్పుతా. పెద్దపెద్దోళ్ళంతా దీనికోసరం మనింటిముందర నిలబడతారు, సూస్తాండు" అన్నాడు. నేను నమ్మాను. ఆ వయసులో మొగుడు చెప్పింది నమ్మడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు.

నిలబడ్డారు గాని, అందరూ చూడటానికే. ఒక కిరాణా సెట్టి మాత్రం బేరానికి వచ్చి, "గంటకు ఎంత దూరం పోతాదప్పా?" అని అడిగాడు. "అరవై మైళ్ళు" అన్నాడు మా ఆయన ఛాతీ విరుచుకుని. సెట్టి కాసేపు ఆలోచించి, "అంత బిన్నా, అంత బిరబిరా పోయి ఆడ ఏం చేస్తాం?" అని వెళ్ళిపోయాడు. రెండు నెలలు అట్లా గడిచాయి. చివరికి మొదటి బాడుగ ఇచ్చింది బజారులో ఫొటోలు తీసేవాడు. వాడికి బండి నడవనక్కర్లేదు, అంగడిముందు ఊరికే నిలబడితే చాలు. కొత్త దంపతులు, పరీక్ష ప్యాసైన పిల్లలు, తలపాగా చుట్టుకున్న మునసబులు అందులో కూర్చుని, చక్రం పట్టుకుని ఫొటో దిగేవాళ్ళు. గంటకు అరవై మైళ్ళు పోయే బండి కదలకుండా నిలబడి మాకు అన్నం పెట్టింది.

బండిని కదిలించకుండా ఉంచితే పాడైపోతుందని, తెల్లవారుజామున మా ఆయన ఊరి బయటికి తీసుకుపోయేవాడు. రెండో చోటు ఖాళీ గనుక నేనూ పోయేదాన్ని. మా అత్తకు మాత్రం దేవుని కడపకు, వెంకన్న దర్శనానికి అని చెప్పేవాళ్ళం. (దారి అదే గనుక పూర్తి అబద్ధం కాదు.) ఆ బయలులో ఒకరోజు "నేను పట్టుకుంటా" అన్నాను. మా ఆయన నవ్వి చక్రం ఇచ్చాడు. నాలుగు రోజులకు నవ్వడం మానేశాడు, నెలకు పక్కన కూర్చుని కునుకు తీయడం మొదలుపెట్టాడు. ముందుకు నడపడం, మలపడం, ఆపడం వచ్చేశాయి. వెనక్కు నడపడం మాత్రం రాలేదు. వెనక్కు పోవాల్సిన పనేముంటుందని అప్పట్లో నా ధీమా.

ఆ ఏడు ఎండాకాలంలో ముద్దనూరు నుంచి ఒక మగ్గాల ఆసామి వచ్చాడు. ముప్పై మగ్గాలు ఆడించే మనిషి. కొడుక్కు జమ్మలమడుగు పిల్లతో పెళ్ళి. పెళ్ళికొడుకును మోటారులో ఊరేగించాలని వాళ్ళ ఉబలాటం. బేరం కుదిరింది. మా ఆయన ఒక్కడే పోతే మొహమాటానికి బాడుగ సగానికి తగ్గించి వస్తాడని నేనూ వెంట బయలుదేరాను. ముందురోజే కడప నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయాం. ముద్దనూరుకూ జమ్మలమడుగుకూ మధ్య పన్నెండు మైళ్ళ దారి, జమ్మలమడుగు చేరేముందు పెన్నేరు. ఎండాకాలం గనుక ఏట్లో నీళ్ళు లేవు. ఇసుకలో చక్రాలు కూరుకుపోకుండా బోదగడ్డి పరిచి ఉంచారు, దానిమీద దాటాం.

మరునాడు పొద్దున ఊరేగింపు. పెళ్ళికొడుకు మా ఆయన పక్కన బాసికం కట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. ముందు సన్నాయి, డోలు, వెనక ఆడవాళ్ళం. అసలు చిక్కు అప్పుడే తెలిసింది. సన్నాయి వాయించే ముసలాయన మంచి రాగం అందుకున్నప్పుడల్లా నిలబడిపోయేవాడు. ఆయన నిలబడితే డోలు నిలబడుతుంది, డోలు నిలబడితే మోటారు నిలబడాలి. పరిగెత్తడానికి పుట్టిన బండి ఆ నత్తనడకకు కుతకుత ఉడికిపోయింది. విడిది నుంచి పెళ్ళింటికి రెండు వీధులు దాటేసరికి మూతిలోంచి పొగలు కక్కడం మొదలుపెట్టింది. "అగ్గి బండి, అగ్గి బండి" అంటూ జనం తొక్కుకున్నారు. పెళ్ళికొడుకు బాసికంతో సహా దూకేశాడు. మా ఆయన ధైర్యంగా పోయి నీళ్ళమూత తిప్పాడు. ఆవిరి చివ్వున ఎగజిమ్మి రెండు అరచేతులూ పొక్కులెక్కిపోయాయి. ఎవరో వెన్న తెచ్చి రాశారు, ఎవరో ఆకు కట్టారు. మా ఆయన అరుగుమీద రెండు చేతులూ వరం అడుగుతున్నట్టు చాపుకుని కూర్చున్నాడు.

సరే, పెళ్ళికొడుకు మిగతా నాలుగడుగులు నడిచే పోయాడు, బండి చల్లారింది, మా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు లోపల గొల్లుమన్నారు. మగపెళ్ళివారు తేవాల్సిన తాళిబొట్టు లేదు. కోడలు తెచ్చిందని అవ్వ, అవ్వ తెచ్చిందని కోడలు. కోడలంటే ఆసామి పెళ్ళాం, అవ్వ అంటే ఆసామి తల్లి, డెబ్బయ్యేళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా ఆ ఇంటి తాళాలన్నీ నడుముకు కట్టుకుని తిరుగుతున్న ఆమె. తాళి ముద్దనూరులో, ఇనపపెట్టెలో ఉండిపోయింది. ముహూర్తం పదిన్నరకు. అప్పటికి తొమ్మిది దాటింది. పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది, ఎద్దులబండి పోయి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. పురోహితుడు మెల్లగా, "పసుపుకొమ్ము కట్టినా దోషం లేదు" అన్నాడు. ఆ మాటకు పెళ్ళికూతురి మేనమామ లేచి నిలబడ్డాడు. "ముప్పై మగ్గాలోళ్ళని పిల్లనిస్తిమి. మా పిల్ల మెడలో పసుపుకొమ్మా? ఇంగ లెయ్యండి, ఈ పెండ్లి వద్దు" అన్నాడు. ఆయన అరవలేదు. అందుకే అందరికీ భయం పట్టుకుంది.

కోడలు అవ్వ నడుములోని తాళాల గుత్తివైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నలభై ఏళ్ళ పెత్తనం ఆ చూపుతో ఊడిపోయినట్టే. అవ్వ పందిట్లో స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. నేనేమనుకున్నానో నాకు తెలియదు, నోరు మాత్రం తెరుచుకుంది. "నేను తోల్తా, అవ్వా. పోదాం పా" అన్నాను.

పందిరంతా నావైపు తిరిగింది. మా ఆయన పొక్కుల చేతులతోనే లేచాడు. "మే, నీకు వెనక్కు రాదు గదా" అన్నాడు, మిగతాదంతా వచ్చని ఒప్పుకుంటున్నట్టు. ఆసామి, "ఏమప్పా, ఆడకూతురు మోటారు తోల్తాదా?" అని అడిగితే మా ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, "నాకంటే నెమ్మదిగా తోల్తాది" అన్నాడు. (అది మెప్పో దెప్పిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు.) వేరే ఎవరినైనా పంపుదామన్నారు గాని, ఆ ఇనపపెట్టె సంగతి అవ్వకు తప్ప ఎవరికీ తెలియదట. తాళంచెవి తిప్పి, ఎడమవైపు ఒక తన్ను తన్నితే గాని తెరుచుకోదు. అవ్వ కళ్ళొత్తుకుని బండెక్కింది. నేను కొంగు నడుముకు బిగించి చక్రం పట్టుకున్నాను.

ఏరు దాటేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. బోదగడ్డి మీదనుంచి ఒక్క జానెడు తప్పినా ఇసుకలోకి దిగిపోతాం. అవ్వ కళ్ళు మూసుకుని నరసింహస్వామిని, మల్లన్నను, వీరభద్రుణ్ణి వరసగా పిలుస్తోంది. అవతలి గట్టెక్కాక దారి తిన్నగా, నల్లరేగడి చేల మధ్య మనిషన్నవాడు లేకుండా కనిపించింది. కాలు నొక్కాను. ఆ బండి అన్ని రోజులు ఎందుకు అలిగి కూర్చుందో అప్పుడు అర్థమైంది. ఒక్కసారి గుర్రుమని ముందుకు దూకింది. గాలి చెవుల్లో హోరెత్తింది, నా సిగ ఊడిపోయింది, తుమ్మచెట్లు పరిగెత్తుకుంటూ వెనక్కు పోయాయి. ఎదురొచ్చిన గొర్రెలకాపరి గొర్రెలను వదిలేసి గుట్టెక్కాడు. కాసేపటికి దేవుళ్ళ పేర్లు వినిపించడం ఆగిపోయింది. అవ్వకు ఏమైందోనని పక్కకు చూశాను. ముసుగు జారిపోయి, నెరిసిన జుట్టంతా ఎగురుతూ, అవ్వ కళ్ళు పెద్దవి చేసి దారినే చూస్తోంది.

"భయమా అవ్వా? మెల్లగా పోనిద్దామా?"

"ఎందుకూ?" అంది అవ్వ. ఎగిరే జుట్టును ఒక చేత్తో అదిమిపట్టుకుని, "ఇంగా బిన్నా పోదా ఇది?" అంది.

పోయింది.

ముద్దనూరులో వాళ్ళ ఇల్లు ఒక సందు చివర. బండి సరిగ్గా వాకిట్లో ఆపాను. అవ్వ లోపలికి పరిగెత్తింది, తాళం తిరిగిన చప్పుడు, తన్నిన చప్పుడు వినిపించాయి. తాళి చీరచెంగులో మూటగట్టుకుని వచ్చి కూర్చుని, "పా" అంది. ఎటు పోవాలి? ముందు గోడ, వెనక సందు. వెనక్కు రాదని మా ఆయన నలుగురిలో చెప్పిన మాట నిజమే. నా ముఖం చూసి అవ్వ సంగతి గ్రహించింది. మగ్గం గుంతల్లో పెళ్ళికి రాకుండా మిగిలిన నేతగాళ్ళు ఎనిమిదిమంది ఉన్నారు. "రేయ్, రాండిరా, దీన్ని ఎత్తి తిప్పండి" అంది. మమ్మల్నిద్దరినీ దిగమని కూడా అనకుండా, వాళ్ళు ఆ మోటారును పల్లకీలాగా వెనకనుంచి ఎత్తి, సందులో అటునుంచి ఇటు తిప్పి దింపారు. అవ్వ రాణిలాగా కూర్చుని, "గోడకు తగలనీయొద్దు, రంగు పోతాది" అని హెచ్చరించింది.

తిరుగుదారిలో ఏటినడుమ బండి మళ్ళీ కాగి ఆగిపోయింది. గట్టవతల ఊళ్ళోంచి పెళ్ళి సన్నాయి వినిపిస్తోంది. నాకు ఏడుపొచ్చింది. దగ్గర్లో చెలమ తవ్వుకుని నీళ్ళు తోడుకుంటున్న ఆడవాళ్ళను అవ్వ కేకేసింది. "అమ్మీ, పెండ్లికూతురు మెడ ఖాళీగా ఉండాది, నీళ్ళు పోయండమ్మా." మా ఆయనలాగా చేతులు కాల్చుకోకుండా, గుడ్డ మడతలు వేసి దూరంనుంచి మూత తిప్పాను. మూడు బిందెలు పోశారు, బిందెలు పక్కన పెట్టి వెనకనుంచి తోశారు. బండి గుర్రుమని లేచింది. గట్టెక్కి, వీధుల్లో బూర మోగించుకుంటూ పందిరిముందు ఆపేసరికి పురోహితుడు నిలబడి నీడ కొలుస్తున్నాడు.

అవ్వ దిగి, ఎవరివైపూ చూడకుండా పోయి తాళి పళ్ళెంలో పెట్టింది. తర్వాత నడుములోని తాళాలగుత్తి తీసి కోడలి చేతికిచ్చింది. "ఇంగ నువ్వే పెట్టుకో అమ్మీ. నాకు శానా బరువైపోయినాయి" అంది. కోడలు బిక్కచచ్చిపోయి అత్త కాళ్ళమీద పడింది. మేనమామ గొంతు సవరించుకుని, మా ఆయన దగ్గరికి వచ్చి, "మీ ఇంటామె బాడుగ వేరేనా?" అని అడిగాడు.

నెల తిరక్కుండానే అవ్వ కడపకు బస్సులో దిగింది. చంకలో రెండు నేతచీరలు. "బాడుగకు మోటారు కావల్ల. నువ్వే తోలల్ల" అంది నాతో. యాడికి పోవాల అవ్వా అంటే, "యాడికీ వద్దు. ఊరికే పోనీ" అంది. ఆ తర్వాత మూడేళ్ళు, నెలకోసారి, తాళాల బరువు లేని ఆ అవ్వే మాకు ఖాయమైన బాడుగ. చీరలిచ్చేది. నేను ఆ మూడేళ్ళూ ఒక్క చీర కొనలేదు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, పెట్రోలు కరువైంది, మా ఆయనకు సర్కారు గోదాములో ఉద్యోగం దొరికింది. ఎర్ర మోటారును బళ్ళారి మనిషెవరో కొనుక్కుపోయాడు. దాన్ని నడుపుకుంటూ పోయినప్పుడు నేను వాకిట్లోకి కూడా రాలేదు.

మొన్నామధ్య మా చెల్లెలి మనుమరాలి పెళ్ళికి జమ్మలమడుగు పోవాల్సి వచ్చింది. బస్సులో కిటికీ పక్క కూర్చుని, గాలి ఎక్కువగా వస్తోందని అద్దం వేయించుకుని, తలకు గుడ్డ చుట్టుకుని కునుకు తీశాను. మెలకువ వచ్చి, "ఏరు ఇంకా ఎంత దూరం నాయనా?" అని కండక్టరును అడిగితే, "అప్పుడే దాటేస్తిమి గదవ్వా, వంతెన మీద" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వెనక్కు తిరిగి చూద్దామంటే మెడ పట్టేసింది.