పేరడగని పెట్టె

మా ఎదురింటి సిస్టరమ్మ పోయిన నెల ఒక ఆదివారం పొద్దున చనిపోయింది. చర్చికి వెళ్ళడానికి ఇస్త్రీ చీర కట్టుకొని, బైబిలు సంచిలో పెట్టుకొని, ఆటో కోసం వసారాలో కుర్చీలో కూర్చుందట. ఆటో వచ్చి హారన్ కొట్టినా లేవలేదు. అంగడి తెరవడానికి బయటికి వెళ్ళిన మా నాయన వెనక్కి వచ్చి, నా గది తలుపు దగ్గర నిలబడి, "పాపా, ఒకసారి ఎదురింటికి రా. సిస్టరమ్మ పలకడం ల్యా" అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు అర్థమైంది. నేను వెళ్ళేసరికి ఆమె చేయి ఇంకా కుర్చీ చేతి మీదే ఉంది. గడియారం ముఖం ఎప్పటిలాగే మణికట్టు లోపలి వైపుకు తిరిగి ఉంది. నాడి చూసేవాళ్ళు అలా కట్టుకుంటారు. రిటైరైన తర్వాత కూడా ఆమె దాన్ని తిప్పి కట్టుకోలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

రాప్తాడు చుట్టుపక్కల పల్లెల్లో నర్సుగా సూదులు వేస్తూ, కాన్పులు చూస్తూ ఆమె ఉద్యోగమంతా గడిచింది. ఆ తర్వాత మా వీధిలో ఇల్లు కట్టుకుంది. మాది అంగడి కుటుంబం. మొదట్లో మా అమ్మ ఆమెతో గేటు బయటే నిలబడి మాట్లాడేది. వాళ్ళింట్లో కాఫీ ఇస్తే ఇప్పుడే తాగొచ్చానని చెప్పమని నాకు నేర్పింది. నేను చెప్పలేదు, తాగాను. అమ్మకు రక్తపోటు వచ్చిన ఏడాది సిస్టరమ్మ రోజూ సాయంత్రం వచ్చి చేతికి పట్టీ చుట్టి చూసేది. ఆ తర్వాత మా ఇంటి నుంచి ఎదురింటికి చింతకాయ పచ్చడి వెళ్ళడం మొదలైంది.

నేను బెంగళూరులో రెండో ఉద్యోగం కూడా వదిలేసి వచ్చి ఇంట్లో కూర్చున్న రోజులవి. వీధిలో ఎవరు కనబడినా "మళ్ళీ ఎప్పుడు పోతాండావ్ మ్మా" అని అడిగేవాళ్ళు. సిస్టరమ్మ అడగలేదు. నా మణికట్టు పట్టుకొని, గడియారం చూసి, "నాడి బాగానే ఉండాది. నిలకడే ల్యా" అంది. చేయి వదిలి, "ఊరికే ఉండే బదులు నాకొక పని చేసిపెట్టు" అంది.

ఆ పని బ్లాగు. ఆమె వసారాకు ఇంకా ఆడవాళ్ళు వస్తుండేవాళ్ళు. బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చి, అక్కడ ఇంకెవరైనా కూర్చొని ఉంటే మంచినీళ్ళు మాత్రం తాగి వెళ్ళిపోయేవాళ్ళు. చెప్పుకున్నవాళ్ళను ఆమె మరిచిపోయేది. నీళ్ళు తాగి వెళ్ళిపోయినవాళ్ళే ఆమెకు గుర్తుండేవాళ్ళు.

"ఫోను ఇంటింటికీ ఉండాది కదా పాపా. దాంట్లో రాసి పెడదాం. సదువుకుంటారు, అడుగుతారు."

ఆమె చెప్తే నేను టైపు చేసేదాన్ని. రక్తం తక్కువైతే ఏం తినాలి, కాన్పు తర్వాత బరువులు ఎప్పుడు ఎత్తవచ్చు, తెల్లబట్ట ఎప్పుడు మామూలు, ఎప్పుడు కాదు. రాయడం సులువుగానే సాగింది. చదివినవాళ్ళు తిరిగి అడగడం ఎలా అన్న దగ్గర చిక్కుకున్నాం.

కామెంట్ల పెట్టె పెట్టడానికి ఎన్ని దారులున్నాయో నాకూ అప్పుడే తెలిసింది. చీరల అంగడివాడిలా ఒక్కొక్కటీ ఆమె ముందు పరిచాను. బయటి కంపెనీ ఊరకే ఇచ్చే పెట్టె చూడ్డానికి బాగుంటుంది, కానీ ప్రశ్న కింద బరువు తగ్గించే పొడుల ప్రకటనలు వస్తాయి. వద్దంది. ఫోన్ గ్రూపు పెడితే అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. అదీ వద్దంది. నేరుగా ఫోన్ చేయమందామా అంటే, "పక్కనుండే అత్త ఇనదా? పైగా ఒకరికి చెప్పింది ఇంకొకరికి అందల్ల. రాతే మేలు" అంది. చివరికి ఈమెయిల్ ఖాతాతో లాగిన్ అయి రాసే పద్ధతి ఇద్దరికీ నచ్చింది. దొంగ కామెంట్లు రావని నాకు. పేరు, ఫోటో కనబడతాయని ఆమెకు.

"పేరు లేకుండా ఎవురికని మందు చెప్పేది? రిజిస్టర్లో పేరు ఎక్కకుండా నేను ఒక మాత్ర కూడా ఇయ్యలేదు."

మా ఇద్దరికీ తట్టని సంగతి ఒకటుంది. ఫోను ఇంటిల్లిపాదిదీ. అందులో ఉన్న ఖాతా మగవాళ్ళది.

మొదటి ప్రశ్న వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మెలితిప్పిన మీసంతో, మెడలో పూలదండతో, కొత్త ట్రాక్టరు పక్కన నిలబడిన ఒకాయన ఫోటో. పక్కన ఆయన పూర్తి పేరు. కింద ఇలా ఉంది: "సిస్టరమ్మా నాకు నెలసరి వస్తే ఆగడమే ల్యా గుడ్డలు మార్చలేక సస్తాండా ఎవురికీ చెప్పుకోలేను."

నేను నవ్వాను. సిస్టరమ్మ కూడా నవ్వింది. అంతలోనే ఆమె ముఖం మారిపోయింది.

"తీసేయి పాపా. బిరీన తీసేయి."

తీసేశాను. కానీ అంతకు ముందే ఎవరో చూసి, ఫోటో తీసి, పదిమందికి పంపారు. ఆ వారంలోనే ట్రాక్టరాయన మా వీధికి వచ్చాడు.

"సిస్టరమ్మ అంటే నువ్వేనా? ట్రాక్టర్లు నిలబెట్టే కాడ నన్ను ఏమంటాండారో తెలుసా? 'ఏమన్నా, ఎన్నో నెల' అంటాండారు."

"కూర్చో అన్నా."

"కూర్చోడానికి రాలేదు. మా ఇంటి సంగతి ఊరికెట్ల తెలుస్తుంది?"

"తప్పు మాదే. తీసేసినాం. ఆయమ్మకు ఇప్పుడెట్లుండాది?"

ఆ ప్రశ్న ఆయన ఊహించలేదు. "బాగానే ఉండాది. ఫోను ముట్టుకోవద్దని చెప్పినా."

"రక్తం పోతాండాది అన్నా. పెద్దాసుపత్రికి తీసుకపో. కావాలంటే నేనూ తోడొస్తా."

"నువ్వు ఇంక దేనికీ రావద్దు" అని ఆయన వెళ్ళిపోయాడు.

సిస్టరమ్మ ఆయన ఊరు వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళింది. లోపల మనుషుల అలికిడి ఉంది గానీ తలుపు తీయలేదట. మళ్ళీ వెళ్ళింది. అప్పుడూ అంతే. కొన్ని నెలల తర్వాత ఒక సంతలో మిరపకాయలు కొంటుంటే, పక్కనున్న మనిషి ఈమెను చూసి, కొంగు తల మీదికి లాక్కొని, బేరం మధ్యలోనే వదిలేసి వెళ్ళిపోయిందట. ముఖం పాలిపోయి గోడకు వేసిన సున్నంలా ఉందని, ట్రాక్టరాయన భార్యే అయి ఉంటుందని చెప్పింది. ఆ రోజు సిస్టరమ్మ ఇంటికొచ్చి దీపం కూడా వేసుకోకుండా కూర్చుంది.

"సూదికి భయపడినోళ్ళను చానామందిని చూసినా పాపా. నాకు భయపడిన మనిషిని ఇప్పుడే చూసినా."

ఆమె కళ్ళలో నేను నీళ్ళు చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత పెట్టెను మొదటి నుంచీ మళ్ళీ కట్టాం. "సిగ్గుకు మందు ల్యా. సాటుంటే సాలు" అనేది ఆమె. ఆ చాటు కట్టడమే నా పని. లాగిన్ తీసేశాను. ఈమెయిల్ అడిగే గడి తీసేశాను. కామెంటు ఏ ఫోను నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఒకటుంటుంది, దాన్నీ ఆపేశాను. రేపు ఎవరైనా వచ్చి గదమాయించినా మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండకూడదని ఆమె పట్టు. ఇక పేరు గడి ఒకటి మిగిలింది. అది కూడా తీసేస్తే, ఏ జవాబు తనదో అడిగిన మనిషికి ఎలా తెలుస్తుంది?

సిస్టరమ్మ ఆలోచించి, "పేరు వద్దు. కండ్ల ముందర ఏముంటే అది రాయమను" అంది.

అలా మా బ్లాగులోకి బుడ్డల మూట వచ్చింది, వేరుశనక్కాయలు ఒలుస్తూ రాసిందేమో. చాట, నల్లపూస, పాత చీపురు వచ్చాయి. ఒకామె 'ఎవురూ కాదు' అని రాసింది. 'ఎండిన బోరు' అని ముగ్గురు రాశారు. ఇదేమి తికమకని నేను తల పట్టుకుంటే, "మన జిల్లాలో ఆ పేరుకు కొదవా?" అని సిస్టరమ్మ పగలబడి నవ్వింది. ముగ్గురికీ ఊరికే దిక్కులు తగిలించాం. తూర్పు బోరు, పడమటి బోరు, నడిమి బోరు.

పేరడగని పెట్టె కదా, లాటరీలవాళ్ళూ అప్పులిస్తామనేవాళ్ళూ కూడా వచ్చి పడ్డారు. అందుకే ప్రతి కామెంటూ మేం చదివాకే బయటికి కనబడేలా పెట్టుకున్నాం. సాయంత్రం పూట నేను ల్యాప్‌టాప్ తీసుకొని వసారాకు వెళ్ళేదాన్ని. నేను మొదలుపెట్టే ముందు ఆమె లేచి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బు రుద్ది, చెంబుడు నీళ్ళతో చేతులు కడుక్కొని వచ్చి కూర్చునేది.

"ఫోన్లో ఉండే మనిషికి నీ చేతి మురికి అంటదులే సిస్టరమ్మా" అని ఏడిపించేదాన్ని.

"నాకు అంటుతుంది. నువ్వు సదువు."

చాలామంది ఫోనుకు నోటితో చెప్పి రాసేవాళ్ళు. ఫుల్‌స్టాపు ఉండదు. పొయ్యి దగ్గరో దొడ్లోనో ఎవరైనా వచ్చేలోపు ఒక్క ఊపిరిలో చెప్పేసిన మాటలు. నేనూ అలాగే గబగబా చదివేదాన్ని. ఆమె కళ్ళు మూసుకొని విని, "మళ్ళీ సదువు, నిదానంగా" అనేది. జవాబు ఎప్పుడూ చిన్నదే. ఇది తిను, ఇది మానుకో, దీనికి మాత్రం ఆసుపత్రికి పోవాల్సిందే, ఆలస్యం చేయొద్దు. తనకు తెలియనిది తెలియదనే రాయించేది. టీవీ సీరియల్ సమయమైతే మాత్రం ఎంత పెద్ద ప్రశ్న అయినా మధ్యలో వదిలి లేచిపోయేది, దానికి నాకు కోపం వచ్చేది.

ఒకసారి మాట తీరు పట్టి, "ఈమె మా అంగడికి వచ్చే ఆయమ్మ లాగుంది కదా" అన్నాను. సిస్టరమ్మ నా వైపు తిరిగింది.

"మనిషిని గుర్తు పట్టొద్దు పాపా. నొప్పిని గుర్తు పట్టు."

ఆ తర్వాత నేను ఎవరినీ ఊహించలేదు. ఊహ వచ్చినా నోరు మూసుకున్నాను.

ఆమెను మట్టి చేసిన రోజు సాయంత్రం బ్లాగులో రెండు వాక్యాలు రాశాను. సిస్టరమ్మ ఇక లేదని, బాధ పడకుండా పోయిందని. రాత్రికే పెట్టె నిండింది. బుడ్డల మూట ఇలా రాసింది: "నువ్వు చెప్పినట్లే తింటాండా రక్తం పెరిగిందంట నీకు చెప్పాలని ఉంటి." పాత చీపురు ఏమీ రాయలేదు, ఒక మొక్కే చేతుల బొమ్మ పెట్టింది. 'ఎవురూ కాదు' రాసింది: "మట్టి చేసేటప్పుడు నేనూ వచ్చినా వెనక నిలబడినా నాలుగు పూలు వేసినా."

గోరీల దగ్గర వెనక వరుసల్లో ఆ రోజు చాలామంది ఆడవాళ్ళున్నారు. దూరపు బంధువులనుకున్నాను.

వాటిని ఒక్కొక్కటే బయటికి వదులుతుంటే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇంక దాన్ని మూసేయి పాపా. నువ్వు డాక్టరువా, నర్సువా? ఏదన్నా అయితే మన మీదికి వస్తుంది."

ఆయన అన్నది నిజం. మూయడానికి పట్టేది ఒక్క నొక్కు. ఆమె జవాబులు అలాగే ఉంటాయి, చదివేవాళ్ళు చదువుకుంటారు. ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, ఇంటి నుంచే పని. రెండు రోజులు ఆ మీట మీద వేలు పెట్టి తీశాను. మూడో రోజు ఒక కొత్త కామెంటు వచ్చింది. పేరు గడిలో 'తలుపు గొళ్ళెం' అని ఉంది. "సిస్టరమ్మ పోయిందని ఇప్పుడే సదివినా నేను అడగల్లని శానా దినాలుగా అనుకుంటాంటి రొమ్ములో గడ్డ తగుల్తాండాది నొప్పి ల్యా ఇప్పుడు ఎవురిని అడగల్ల."

నాకు తెలిసింది ఒక్కటే, అది ఆసుపత్రికి వెళ్ళాల్సిన విషయం. అదే రాశాను. పెద్దాసుపత్రికి రండి, నేను తోడుంటాను అని కూడా రాశాను. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"నువ్వెవురో నాకు తెలీదు."

"మీరెవరో నాకూ తెలీదు. తెలియనక్కర్లేదు."

"మంగళారం వస్తా. పెండ్లికని చెప్పి వస్తా."

బస్టాండులో కళ్యాణదుర్గం బస్సులు ఆగేచోట పచ్చ చున్నీ వేసుకొని ఉంటానని, నచ్చకపోతే పలకరించకుండా వెళ్ళిపోవచ్చని రాశాను. ఆమె 'సరే' అని రాశాక ఆ మాటలన్నీ తీసేశాను.

మంగళవారం అనంతపురం బస్టాండులో, కళ్యాణదుర్గం బస్సులు ఆగేచోట నిలబడ్డాను. ఆ దిక్కు నుంచే వస్తుందని కూడా నాకు తెలియదు. సిస్టరమ్మ ఉంటే ఎక్కడ నిలబడేదో, ఏం మాట్లాడేదో ఆలోచించాను. బస్సులు వస్తున్నాయి. చంకలో పిల్లలతో, సంచులతో, తలలో కనకాంబరాలతో ఆడవాళ్ళు దిగుతున్నారు. ప్రతి ఒక్కరూ ఒక క్షణం నా వైపు చూసినట్టే ఉంది.

ఒకామె దిగి, సోడా బండి దగ్గర ఆగి, నాకు వీపు తిప్పి నిలబడింది. పట్టుచీర. ఎండ పెరుగుతోంది. ఆమె సోడా తాగలేదు, కదల్లేదు. నేను కూడా ఆమె ముఖం చూడలేదు. చున్నీ సర్దుకొని, ఆసుపత్రి దారి పట్టి నిదానంగా నడిచాను. కొంతదూరం పోయాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. రోడ్డు దాటడానికి నేను ఆగాను. ఆ చప్పుడు కూడా ఆగింది.