గట్టి ఇంగ్లీషు

ఎదుటివాళ్లు తప్పు పలికితే దిద్దకుండా ఉండలేని జబ్బు నాది. గుంటూరు వైపు నుంచి కాపురానికి వచ్చి, ఎల్బీనగర్ దగ్గర కొత్తగా లేచిన కాలనీలో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకునే రోజుల్లో కాలనీ సంఘం ప్రెసిడెంటు గారిని కూడా వదల్లేదు. ఆయన పొలాలే మా ప్లాట్లయ్యాయి. వయసులో పెద్దాయన. అయినా "ఇస్కూలు" అన్నప్పుడల్లా "స్కూలు అనాలండీ" అనేదాన్ని. ఆయన నవ్వి, మళ్లీ "ఇస్కూలు" అనేవారు.

అప్పటికి మా గల్లీకి నల్లా లేదు. ట్యాంకరు వచ్చిందంటే బిందెలతో పరుగులు, ఆ వెంటనే బిందెలతో యుద్ధాలు. ఒక పొద్దున ప్రెసిడెంటు గారు మా గడప ముందు నిలబడ్డారు.

"టీచరమ్మా, నల్లా కోసం ఇంజనీరు సాబ్‌కు కాయితం ఇయ్యాలె. తెలుగుల ఇస్తే పక్కకు పెడ్తున్నరు. జర గట్టి ఇంగ్లీషుల రాయి."

గట్టి ఇంగ్లీషు అనగానే నాకు పూనకం వచ్చింది. దయగల ఇంజనీరు అనడానికి 'కైండ్' అని అందరూ రాస్తారు. నేనూ అదే రాస్తే ఇక నా గొప్పేముంది? మా నాన్న ఇచ్చిన అట్ట ఊడిన డిక్షనరీ తీశాను. అందులో 'ఆఫీషియస్' అనే విశేషణం దొరికింది. మొదటి అర్థాన్ని పురుగు తినేసింది. రెండోది మిగిలింది: దయగలవాడు, సాయానికి ముందుకొచ్చేవాడు. దాని పక్కన పొట్టిగా 'ఆర్చ్.' అని ఉంది. ఆర్కిటెక్చర్ కాబోలు, కట్టడాలు కట్టేవాళ్లకు వాడే మాటన్నమాట అనుకుని మురిసిపోయాను. పైగా మాటలోనే ఆఫీసు కూడా ఉంది! 'మోస్ట్ ఆఫీషియస్ ఇంజనీర్' అని అందంగా మొదలుపెట్టాను.

మర్నాడు ప్రెసిడెంటు గారితో కలిసి నేనూ ఆఫీసుకు వెళ్లాను. ఇంజనీరు గారు మొదటి వాక్యం దగ్గరే ఆగి, కళ్లజోడు పైనుంచి చూశారు.

"ఇది రాసిందెవరు?"

"మా టీచరమ్మ, సార్," అన్నారు ప్రెసిడెంటు గారు గర్వంగా.

"అడక్కుండా అన్నిట్లో వేలు పెట్టేవాణ్ని ఆఫీషియస్ అంటారమ్మా. నేను అలాంటివాడినా?"

నా గొప్ప కోసం గల్లీ మొత్తానికి నీళ్లు లేకుండా చేశానని ఏడుపొచ్చింది. పురుగు సంగతీ, ఆర్కిటెక్చర్ సంగతీ నత్తి నత్తిగా చెప్పాను. ఆయన బీరువాలోంచి తన డిక్షనరీ తీసి చూసి, పకపకా నవ్వారు.

"అది ఆర్కిటెక్చర్ కాదమ్మా, ఆర్కేయిక్. అంటే వాడుకలోంచి పోయిన పాత అర్థం. ఒకప్పుడు ఇది పొగడ్తేనట. సాయం చేస్తామని వచ్చేవాళ్లు మరీ మీదపడేసరికి తిట్టయినట్టుంది."

ప్రెసిడెంటు గారు అంతా శ్రద్ధగా విన్నారు.

"అంటే సార్, పాత అర్థం మంచిదేనా?"

"మంచిదే."

"మాకు గదే కావాలె సార్. కొత్తది గూడ నడుస్తది. మేం పిలువకున్నా మా గల్లీకొచ్చి జర వేలు పెట్టున్రి."

గుమాస్తాలు కూడా నవ్వేశారు. ఇంజనీరు గారు కళ్లు తుడుచుకుని కాగితం మీద సంతకం చేశారు.

పైపులు వేసే రోజుల్లో ఆయన ఎవరూ పిలవకుండానే స్కూటర్ మీద వచ్చి, గుంత పక్కన నిలబడి, అతుకు సరిగా లేదని పనివాళ్లను కేకలేసేవారు. చివరికి ఒక పొద్దున నల్లా బుసబుసమని గాలి వదిలి, మట్టినీళ్లు కక్కి, ఆ తర్వాత తేటగా పారింది. ఆడవాళ్లు మొదటి బిందె నన్నే పట్టమన్నారు. సంతోషం పట్టలేక నేను ఏడ్చేశాను.

"చూసిన్రా, మా టీచరమ్మ ఎంత ఆపీసియస్ మనిషో!" అన్నారు ప్రెసిడెంటు గారు అందరికీ వినబడేలా.

ఒక్క మాటలో రెండు తప్పులు. ఆయన నవ్వుతూ నా వైపు చూస్తున్నారు, దిద్దుతానని. నేను బిందె చంకనెత్తుకున్నాను.

"వస్తానండీ, పిల్లలకు ఇస్కూలు టైమైంది," అన్నాను.