మా బావ విమానానికి ఇనుప పట్టీలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదు. మెకానికల్ డిప్లొమా అప్పుడే చేతికొచ్చింది మరి. అందుకే బాన్సువాడలో చెరకు పండించే మా బావ, ఇంట్లోనే బిగించుకునే ఒంటి సీటు విమానాన్ని పెట్టెల్లో తెప్పించినప్పుడు, నట్టు నట్టుకూ నా ఉపన్యాసం ఉండేది. చెరకు గడంత లావైనా లేని అల్యూమినియం గొట్టాలు, గుడ్డ తొడిగిన రెక్కలు. తేలికదనమే దీని బలం అనేవాణ్ణి. బావ తలూపేవాడు (నా మాట విని కాదు, ఇంజను చూసుకుంటూ).

అక్కకు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఒకనాడు షెడ్డులోకి వచ్చి, విమానం తోకను ఒంటిచేత్తో పైకెత్తి బిత్తరపోయింది. "మన బర్రె దుడ్డె గూడ గింత తేలికుండదు. గిండ్ల మీ బావ కూసోవాల్నా?" అంది.

మా వైపు కొత్త ట్రాక్టరు ట్రాలీని ఎవరూ ఉన్నదున్నట్టు ఇంటికి తేరు. చెరకు బరువుకు ఆగాలని అడుగున అదనంగా ఇనుప పట్టీలు వేయించాకే తెస్తారు. బావ ఊళ్లో లేని రోజు చూసి, అక్క ట్రాలీలు చేసే మేస్త్రీని పిలిపించి విమానానికీ అదే చేయించింది. మర్నాడే ఎగరబోతున్న సంబరంలో బావ కిందికి వంగి చూడలేదు. నేను చూశాను గానీ, డిజైనులో ఉన్నవే కాబోలు అనుకున్నాను.

కోత అయ్యాక గట్లు తీసి చదును చేసిన పొలంలో విమానం ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికింది. లేవలేదు. మళ్లీ ఉరికింది, అప్పుడూ అంతే. బావ దిగి, రెక్క మీద చెయ్యేసి, "ఇగ లేవది. అమ్మేద్దాం" అన్నాడు మెల్లగా.

అక్క కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత కుచ్చిళ్లు దోపుకుని, నా చేతిలోని పానా లాక్కుని విమానం కిందికి దూరింది. పట్టీలు ఒక్కొక్కటే ఊడిపడుతుంటే మేమిద్దరం నోళ్లు వెళ్లబెట్టాం.

"భయానికి పానం ఆగక నేనే ఏయించిన" అంది బయటికొచ్చి. "ఇగ పో. పైలంగ రా."

ఈసారి చక్రాలు నేలను వదిలాయి. చక్రాలకూ పొలానికీ నడుమ వెలుతురు కనబడింది. గాలి రెక్కను ఎట్లా ఎత్తుతుందో ఊరందరికీ విడమరచి చెప్పిన నేను, ఒక్క ముక్క గుర్తుకు రాక, దేవుడి రథం కదిలినట్టు రెండు చేతులూ జోడించాను. మా బావ, మాతో కూర్చుని జొన్నరొట్టె తినే మా బావ, కాలువ మీదుగా ఆకాశంలో పోతున్నాడు! అక్క పట్టీని గుండెకు అదుముకుని కన్నార్పకుండా చూస్తోంది. భయపడుతోందేమోనని భుజం పట్టుకున్నాను.

"ఇంక జర మీదికి పోతే ఏమాయె" అంది.

ఇప్పుడు పొలాల మీద మందు కొట్టే డ్రోను ఎగిరినా పని ఆపి చూసే మనిషి మా ఇంట్లో నేనొక్కణ్ణే. పిల్లలు నవ్వుతారు. నవ్వనీలే అనుకుంటాను.