పోయే చారలు, వచ్చే చారలు

నేను బడికి పోలేదు. ఎమ్మిగనూరులో మగ్గం గుంట పక్కన కూర్చోబెట్టుకుని మా నాయనే అక్షరాలు దిద్దించాడు. నేతా ఆయనే నేర్పాడు. గుడ్డలో తేడా కనిపిస్తే వెంటనే పోగు తెంపనిచ్చేవాడు కాదు.

"నాడె పోయేటప్పుడు తప్పుతాండాదా, వచ్చేటప్పుడా? ముందు అది సూడు" అనేవాడు, పోగును అటూ ఇటూ మోసే ఆ నాడెను చూపిస్తూ.

మా అమ్మాయి సముద్రం అడుగును కొలిచే పనిలో ఉంది. ఓడ మీంచి ఒక రోబోను నీళ్లలోకి వదులుతారు. అది ఆ చీకట్లో అటూ ఇటూ తిరుగుతూ నేల ఎత్తుపల్లాలు కొలుచుకొస్తుంది. నేల చీలిన చోట మరిగే నీళ్లను నల్లటి పొగలా చిమ్మే రాతి గొట్టాలుంటాయట. వాటికి పటం గీయడమే దాని పని.

పోయిన శ్రావణంలో సెలవుకు వచ్చినప్పుడూ పిల్ల లాప్‌టాప్ వదల్లేదు. పటంలో పక్కపక్కనే రెండు గొట్టాలు కనిపిస్తున్నాయి. రెండూ నిజమైతే, నడిమి సందులోంచి రోబోను పంపి ఫొటోలు తీయిస్తారు. ఉన్నది ఒక్కటే అయితే, సందు అనుకున్న చోటే అది నిలబడి ఉంటుంది. రోబో పోయి రాతికి గుద్దుకుంటుంది. సాయంత్రంలోగా తేల్చి ఓడకు చెప్పాలి. పాపం, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

బొరుగుల ఉగ్గాని గిన్నె చేతికిచ్చి, నేనూ తొంగిచూశాను. రెండు గొట్టాలకూ కుడి భుజం ఒకే తీరుగా విరిగి ఉంది.

"కవలలేమోలే" అన్నాడు మా ఆయన, నూలు కండెలు చుట్టుకుంటూ.

"కవలలైతే మాత్రం, దెబ్బ గూడా ఒక్కసోటే తగుల్తాదా?" అన్నాను. పటం నిండా సన్నటి చారలున్నాయి. "ఇవేంది పాపా?"

"రోబో తిరిగిన దారులమ్మా. ఒక చార పోతాది, పక్క చారలో వెనక్కొస్తాది. అంచులు ఒకదాని మీద ఒకటి పడతాయి."

నాకు మా నాయన గొంతు వినబడింది. "అయితే పోయేటివి ఒకపక్క, వచ్చేటివి ఒకపక్క తీసి సూడు" అన్నాను.

పిల్ల గిన్నె కింద పెట్టింది. పోయే చారలు మాత్రమే ఉంచింది: ఒక్కటే గొట్టం. వచ్చే చారలు మాత్రమే ఉంచింది: ఒక్కటే గొట్టం, కాస్త పక్కకు జరిగి.

"అమ్మా! రోబో తాను యాడుండాదో రాసుకునేది రవంత ఆలస్యమైతాంది. అందుకే గొట్టం పోయేటప్పుడు ముందుకు, వచ్చేటప్పుడు వెనక్కు జరిగినట్టు పడింది. ఉండేది ఒకటే!"

అప్పటికప్పుడు ఓడకు రాసి పంపి, చల్లారిన ఉగ్గాని అంతా ఊడ్చి తినింది.

వారం తర్వాత ఫోన్లో ఫొటో వచ్చింది. భుజం విరిగిన గొట్టం, ఒంటరిగా, నల్లగా పొగలు కక్కుతూ. రోబో దాన్ని చుట్టి క్షేమంగా తిరిగొచ్చిందట. ఆ శుక్రవారం చౌడమ్మ గుడిలో రెండు టెంకాయలు కొట్టించాను.

"గొట్టం ఒకటే అని తేలింది గదే, మల్లా టెంకాయలు రెండెందుకు?" అన్నాడు మా ఆయన.

"ఒకటి పిల్ల పేరున, ఒకటి మా నాయన పేరున" అన్నాను.