ఇరవై నాలుగో నంబరు ముల్లు

మా కింది ఇంటి బాబాయి పోయారు. ఇక్కడ సౌదీలో, మన ఖోబర్ అజీజియా పేటలో ఉండేవాళ్ళకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పొద్దున నడకకు వెళ్ళి వచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగారట. పిన్ని గ్లాసు తెచ్చేలోపే అయిపోయింది. ఆయన్ని కాకినాడకు పంపించాం. పిన్ని కూడా వెంట వెళ్ళారు, ఇక తిరిగి రారు.

ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. కంపెనీ ఇచ్చిన ఆ ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలి. తాళం మా దగ్గర ఉంది. సామానంతా కార్గోలో పోతుంది, ఒక్క డబ్బా తప్ప. దాని గురించి పిన్ని ఫోన్లో ఇలా అన్నారు: “ఆ పురుగుల డబ్బా నాకు పంపకమ్మా. ఇక్కడ అటకెక్కుతుంది, అంతే. ఏడాదంతా కళ్ళు పొడుచుకుని కట్టారు. ఒక్కసారైనా ఆ కొండ నీళ్ళలో పడాలి. ఎవరైనా వెళ్ళేవాళ్ళకి ఇచ్చెయ్. పెద్దదే ఏరుకునే రకానికి మాత్రం ఇవ్వకు.”

ఆ డబ్బా తీసుకెళ్ళే మనిషి ఈ పత్రిక చదివే తెలుగు కుటుంబాల్లోనే ఎక్కడో ఉండాలి. దాన్ని ఎలా వాడాలో చెప్పడానికి ఆయన లేరు కనుక, నాకు చెప్పినంత రాస్తున్నాను.

బాబాయి వయసులో ఉన్నప్పుడు హిమాచల్‌లో ఒక జలవిద్యుత్ పనిలో ఇంజనీరు. అక్కడి చల్లటి కొండ ఏటిలో ట్రౌట్ చేపలు పట్టడం నేర్చారు. సౌదీ వచ్చాక కూడా ప్రతి వేసవి సెలవుల్లో పిన్నితో కలిసి కాకినాడ నుంచి రైలెక్కి ఆ ఏటి దగ్గరికి వెళ్ళేవారు. ట్రౌట్ వానపామును చూసి మోసపోదట. నీటి మీద ముసిరే, దోమంత ఉండి కుట్టని పురుగులంటే దానికి ఇష్టం. వాటిలా కనిపించేట్టు సన్నటి గాలపు ముల్లుకు నల్లదారం చుట్టి, ఈక పీచు కట్టి, ఉత్తుత్తి పురుగులు తయారుచేయాలి. ఖోబర్‌లో ఏడాదంతా ఆయన సాయంకాలాలు అలాగే గడిచేవి.

మేము కొత్తగా దిగిన వారం, ఏసీ బాగుచేయడానికి మా ఆయన బాబాయి వాళ్ళింటికి వెళ్తే నేనూ తోడు వెళ్ళాను. బల్ల మీద దీపం, భూతద్దం, చిన్న పట్టకారులో బిగించిన ఒక ముల్లు. మా ఆయన వంగి చూసి, “ఏ నంబరు సార్ ఇది?” అన్నాడు.

“ఇరవై నాలుగు.”

“ఇరవై నాలుగైతే గింతేనా? మరి పదో నంబర్ల ఏముంటది, దుమ్మా?”

బాబాయి పకపకా నవ్వారు. జవాబు నా నోటి నుంచి వచ్చింది. “గట్ల కాదు. నంబరు పెరిగితే సన్నమైతది. మా సూదులు గూడ అంతే. పద్దెనిమిది పెద్దోళ్ళకు, ఇరవై నాలుగు పసిపిల్లలకు.”

“ఏం చేస్తావమ్మా నువ్వు?”

“నర్సును సార్.”

“సార్ ఏంటి, బాబాయ్ అను.”

మా జగిత్యాల వైపైతే కాకా అంటాం. ఆయన గోదావరి మనిషి, బాబాయి అనిపించుకున్నారు.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. అమ్మ బీడీలు చుట్టేది, నేను పక్కన కూర్చుని దారం కట్టేదాన్ని. ఒకరోజు బాబాయి ముల్లుకు దారం కట్టమని ఇస్తే, వేళ్ళు వాటంతట అవే తిప్పేసి బిగించాయి.

“ఏమేవ్, ఇలా రా!” అని పిన్నిని కేకేశారు. “ఈ అమ్మాయి ముడి చూడు. నేను ముక్కుతూ మూలుగుతూ కట్టేది ఒక్క విసురులో కట్టేసింది. ఎక్కడ నేర్చావమ్మా?”

“బీడీలకు గిట్లనే కడ్తం.”

“మీరు కట్టించుకున్నది చాలు, ముందు పిల్లని అన్నం తిననివ్వండి,” అన్నారు పిన్ని.

ఇక్కడ ట్రౌట్ లేదు. అందుకని కొన్ని శుక్రవారాలు మమ్మల్ని కారులో ఎక్కించుకుని హుఫూఫ్ తీసుకెళ్ళేవారు. తెలిసినవాళ్ళ ఖర్జూర తోటలో, కాలువలో జిలేబీ చేపలు, అంటే తిలాపియా, ఉంటాయి. తోట కాపలాదారు పెషావర్ మనిషి. ముల్లును చూసి ప్రతిసారీ ఒకే మాట: “బాబూజీ, ఇస్‌మే మఛ్లీ నహీ, మచ్ఛర్ ఫసేగా!” ఇందులో చేప కాదు, దోమ చిక్కుతుందని. బాబాయి చేప చిక్కగానే అతనికి చూపించి, ముల్లు తీసి, నీళ్ళలో వదిలేసేవారు. పిన్ని తలకొట్టుకునేవారు. “పొద్దుట్నించీ ఎండలో కూర్చోబెట్టి ఒక్క పులుసు ముక్క చేతిలో పెట్టరు కదా ఈయన!” చివరికి దారిలో చేపలు కొనుక్కుని వచ్చేవాళ్ళం.

ఆ కాలువ గట్టు మీదే నాకు చెప్పారు. “నీకెంత చేప కావాలో దాన్ని బట్టి ముల్లు ఎంచకు. చేప ఏం తింటోందో చూసి ఎంచు.” నీళ్ళ దగ్గరికి రాగానే గాలం తీసేవారు కాదు. తెల్ల చేతిరుమాలు నీటి మీద పరిచి, అంటుకున్న పురుగును ముల్లు పక్కన పెట్టి కొలిచేవారు. పురుగు ఒళ్ళూ ముల్లు కాడా ఒకే పొడవుండాలి. నీళ్ళు నిలకడగా, తేటగా ఉంటే ఇరవై రెండు, ఇరవై నాలుగు. పరుగెత్తే నీళ్ళలో చేపకు పరీక్షగా చూసే తీరిక ఉండదు, పైగా పట్టు కావాలి, అప్పుడు పద్దెనిమిదో ఇరవయ్యో.

చేప దగ్గరిదాకా వచ్చి మొహం తిప్పుకుంటే మనకు వెంటనే రంగు మార్చాలనిపిస్తుంది. “రంగు తర్వాత. ముందు ఒక సైజు తగ్గు,” అనేవారు. దారం ఎక్కువ చుడితే ముల్లు మొనకూ కాడకూ మధ్య సందు పూడిపోతుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, చేప నోటికి మాత్రం దిగదు. అలాంటివి నేను చాలా కట్టాను. ఆయన పారేయకుండా కిటికీ తెరకు గుచ్చారు. “ఇవి పిన్ని నగలు,” అనేవారు.

ఆ రోజుల్లోనే నన్ను ఆసుపత్రిలో పసిపిల్లల వార్డుకు మార్చారు. అరచేయంత పిల్లలు, వెంట్రుకంత నరాలు. సూది ఎలా పెట్టాలో బాబాయి నేర్పారంటే అబద్ధమవుతుంది. అది మా ఫిలిప్పీన్స్ హెడ్ నర్సు నేర్పింది. కానీ సూది చేతిలోకి తీసుకునే ముందు బిడ్డ చేతిని వెలుతురులో కాసేపు ఊరికే చూస్తూ ఉండడం మాత్రం ఆయన దగ్గరే అలవాటైంది. వార్డులో భయం పోయిందని చెప్పిన రోజు, పిన్ని చేత సేమ్యా పాయసం చేయించారు. “నాకు ట్రౌట్ పడ్డప్పుడు కూడా ఈవిడ ఇంత తీపి చేయలేదు,” అని రెండోసారి పోయించుకున్నారు.

ఈ ఏడాది డబ్బాలో ఎక్కువ భాగం ఇరవై రెండు, ఇరవై నాలుగు నంబర్లే. అడుగు వరసలో కొన్ని నేను కట్టినవి. సందు పూడకుండా ఉన్నాయో లేదో ఆయనే చూసి పెట్టారు.

ఈ సెలవుల్లో మీలో ఎవరైనా హిమాచల్ వైపు వెళ్తుంటే, లేదా అక్కడ గాలం వేసే మనిషి మీకు తెలిసి ఉంటే, ఈ నెల ఇరవై ఐదో తేదీలోపు నాకు చెప్పండి. ఆ తర్వాత ఇల్లు అప్పగించే పనిలో పడతాం. డబ్బు ఏమీ వద్దు. చేప పడితే ఫోటో తీయకపోయినా ఫరవాలేదు, ఏ నంబరుకు పడిందో పిన్నికి ఒక్క ముక్క చెప్పండి. నా నంబరు పత్రిక వాళ్ళ దగ్గర ఉంది, ఫోన్ చేసేవాళ్ళు సాయంత్రం నాలుగు దాటాక చేయండి. అప్పటిదాకా నేను పసిపిల్లల దగ్గర ఉంటాను.