గుమ్మానికి వంకరగా కొట్టిన పెట్టె

మొన్న వ్యాను సీట్లు మార్పిద్దామని శ్రీకాకుళం తీసుకెళ్లాను. సీట్ల పని చేసే అతను డ్రైవరు సీటు పీకి, కింద చెయ్యి పెట్టి దొరికినవన్నీ ఒక్కొక్కటే నా ముందు పేర్చాడు. రెండు పెన్సిలు ముక్కలు, ఒక పిల్ల గాజు, గట్టిపడిపోయిన తాటి తాండ్ర, పోగొట్టిందని మా ఆవిడ మీద నేను నేరం మోపిన తాళంచెవి. ఆఖరున రెండు వేళ్ల వెడల్పు, అరచేతి పొడవు ఉన్న ఒక కర్రముక్క. ఒక చివర మేకు కన్నం, ఇంకో చివర చీలిపోయి ఉంది. "ఇదేటన్నా, పారేయమంతావా?" అన్నాడతను. నా నాలుక దానంతటదే పైపళ్ల సందులోకి వెళ్లింది. అక్కడ రెండు పళ్లు లేవు. ఆ పళ్లకీ ఈ కర్రముక్కకీ ఒక్కరోజే ఊడే యోగం పట్టింది.

అది ఒక పెట్టె మూత. కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్లో ఉన్న చిన్న బడి గుమ్మానికి ఆ పెట్టె ఉండేది. బడి నడిపిన దంపతులు గుంటూరు వైపు నుంచి వచ్చారు, యూదులు. యూదులంటే సముద్రాలవతల ఉంటారని విన్నాను గానీ గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకునే యూదులుంటారని నాకెవరూ చెప్పలేదు. నేను ఆరో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి, బహుశా ఏడో తరగతిలో చెప్తారేమో. వాళ్లు రొయ్య ముట్టరు. రొయ్య తినని మనిషిని మా వైపు తొందరగా నమ్మరు. శనివారం బడి ఉండదు, ఆదివారం ఉంటుంది. శుక్రవారం పొద్దు వాలేసరికి అమ్మగారు రెండు కొవ్వొత్తులు వెలిగిస్తే, మర్నాడు చుక్కలు పొడిచేదాకా మేస్టారు పొయ్యి ముట్టించరు, బండెక్కరు. చదువుకునే డెబ్బై మంది పిల్లలూ మా ఊరి రైతుల పిల్లలే. వాళ్లకి కావలసింది లెక్కలూ ఇంగ్లీషూ, అవి మేస్టారు దగ్గర దండిగా ఉండేవి. నేను వ్యాను తోలేవాణ్ణి. గుమ్మానికి పెట్టెని పక్కకి వాలినట్టు కొట్టి ఉంటే, వడ్రంగి తాగొచ్చాడనుకుని ఒకరోజు నేనే పుణ్యానికి పీకి నిటారుగా కొట్టాను. మేస్టారు నవ్వి, మళ్లీ పీకించి, "మాది వంకరగానే ఉండాలయ్యా" అన్నారు. దాన్లో దేవుడి మాట రాసిన చిన్న తోలుచుట్ట ఉందని కూడా చెప్పారు. లోపలికెళ్లేటప్పుడు దాన్ని తాకి, ఆ వేళ్లని ముద్దు పెట్టుకునేవారు.

ఇక్కడే నా నోరు దూరింది. టీ కొట్టు దగ్గర ఒకరోజు మా బావ, అంటే మా అక్క మొగుడు, అడిగాడు. రైసుమిల్లులో కలాసీ. బస్తాని వీపున వేసుకుని మనం చెంబు పట్టుకున్నంత సుళువుగా మెట్లెక్కేవాడు. "ఒరే బామ్మర్దీ, మీ మేస్టారు ఆ పెట్టిని ముట్టుకొని ముద్దెట్టుకుంతన్నాడు. ఏటుందిరా అందులో?" తోలుచుట్ట ఉందని చెప్తే అయిపోను. తిన్నగా చెప్పడం నా ఒంటికి పడదు. "అమ్మోరుంది బావా. మంత్రమేసి బంధించేసినాడు. అందుకే మా బడికి తట్టు రాదు. ఒకేళ బయటికొచ్చిందనుకో, ముందు మిల్లు కాడికే వస్తాది, ఒల్లున్నోల్లని సూసుకొని." కొట్టంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ మా బావే, టీ ముక్కులోంచి వచ్చేలా నవ్వాడు. ఆ రోజు టీ ఉచితంగా తాగాను. లోకంలో ఉచితంగా వచ్చిన టీ అంత ఖరీదైంది ఇంకోటి లేదు.

రెండు నెలలకి తట్టు వచ్చింది. మా వైపు తట్టంటే రోగం కాదు, అమ్మోరు ఇంటికి రావడం. వాకిట్లో వేపమండలు కడతారు, పోపు పెట్టరు, మందు వెయ్యరు, సూది మాట ఎత్తరు. ఎత్తితే అమ్మోరికి కోపం. బడిలో ఒకటో తరగతి పిల్లకి ఒళ్లంతా ఎర్రగా పేలిన రోజే మేస్టారు బడి మూసేశారు. మర్నాటి నుంచి కాలినడకన ఇల్లిల్లూ తిరిగారు. రోగిని చూసి రావడం వాళ్లకి విధి అట. టీకా కార్డులు అడిగి రాసుకున్నారు. అన్నానికి ముందు పిల్లలు చేతులు కడుక్కునే రెండు పిడుల రాగి చెంబుని వాకిట్లో పెట్టి, వచ్చిన ప్రతివాడి చేతుల మీదా నన్ను నీళ్లు పొయ్యమన్నారు. టీకా పడని పిల్లలందరికీ శుక్రవారం బడిలోనే వేయించాలని ఆరోగ్య కేంద్రం నర్సమ్మని ఒప్పించారు. ఈలోగా మా మేనకోడలు మంచాన పడింది. ఏడేళ్ల గుంట, రెండో తరగతి. మేస్టారు వెళ్లి, ఆసుపత్రికి తీసుకెళ్దామని మా బావని బతిమాలితే, మా బావ నమస్కారం పెట్టి తలుపు వేసేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం మా అక్క వాళ్ల వీధిలోనే తట్టు సోకిన ఒక మగపిల్లాడు చనిపోయాడు. ఆ సంగతి మాకు తెలిసేసరికే జనం వచ్చేశారు. బడిలో పదకొండు మంది పిల్లలూ తల్లులూ వరసలో కూర్చున్నారు, నర్సమ్మ ఐసుడబ్బా తెరిచింది. ముందు ఒక రాయి వచ్చింది. కిటికీ అద్దం పగిలి ముక్కలు పిల్లల ఒళ్లో పడ్డాయి. తర్వాత రాళ్లు లెక్కపెట్టే పని లేకపోయింది. అరవై మంది ఉంటారు, అందులో ముప్పై మంది పిల్లల్ని రోజూ నేనే వ్యానులో దింపేవాణ్ణి. అందరికన్నా ముందు గునపం పట్టుకుని మా బావ.

"అమ్మోరిని ఒగ్గెయ్యి! పెట్టి పీకి అమ్మోరిని ఒగ్గెయ్యి!"

నేను టీకి అమ్మిన మాట అది, ఒక్క అక్షరం పోకుండా తిరిగొచ్చింది. మేస్టారు గుమ్మంలో రెండు చేతులూ చాపి నిలబడ్డారు. "పిల్లలు లోపలున్నారయ్యా. వాళ్లని పంపించెయ్యనివ్వండి, తర్వాత నన్నేమైనా చేసుకోండి" అన్నారు. ఎవడో బెంచీ చెక్క ఊడదీసి ఆయన నెత్తి మీద కొట్టాడు. కొబ్బరికాయ కొట్టిన చప్పుడే అయింది. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డారు గానీ గుమ్మం వదల్లేదు. ఆయన మీద నుంచే తొక్కుకుంటూ లోపలికెళ్లారు. ఐసుడబ్బాని తన్నారు, సూదులు కాళ్ల కింద పటపట విరిగాయి. నల్లబల్ల రెండు చెక్కలైంది. నర్సమ్మ జుట్టు పట్టుకుని ఒకడు ఈడుస్తుంటే అమ్మగారు ఆ రాగి చెంబుతోనే వాడి మూతి మీద ఒక్కటిచ్చి, నర్సమ్మనీ పిల్లల్నీ వెనక తలుపులోంచి జీడితోటలోకి తోసేసింది. అంత చిన్న మనిషి అంత బలం ఎక్కడ దాచుకుందో.

మా బావ గునపం మొన గుమ్మానికీ పెట్టెకీ మధ్య దూర్చాడు. నేను వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని వేలాడాను.

"బావా, ఆగు! అందులో అమ్మోరూ లేదు, ఏటీ లేదు. అది నాను ఏసిన జోకు! టీ కొట్టు కాడ నువ్వే కదా ఎక్కువ నవ్వినావు!"

నా జీవితంలో నేను నిజం చెప్పిన అతి కొద్ది సందర్భాల్లో అదొకటి. మా బావ నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మూడు రోజులుగా నిద్ర లేదు. "జోకా? నా గుంట ఒల్లు పెనంలాగ కాలిపోతంటే, అమ్మోరి మీద నీకు జోకేటిరా?" అని బస్తాలు మోసిన పిడికిలితో నోటి మీద గుద్దాడు. రెండు పళ్లు గొంతులోకి పోబోతే ఉమ్మేశాను. నేను ఇన్నేళ్లు వేసిన అబద్ధాలన్నిటికీ నవ్విన జనం ఆ ఒక్క నిజానికి నన్ను కింద పడేసి తన్నారు. పక్కటెముకల మీద ఎవరి కాలు పడుతోందో చెప్పుల్ని బట్టి గుర్తుపట్టాను. పెట్టె ఊడింది. తోలుచుట్ట బురదలో పడితే, అందరూ ఒక్క క్షణం వెనక్కి తగ్గారు, అమ్మోరు లేచి ఎవరిని పట్టుకుంటుందోనని. ఏమీ లేవలేదు. ఆ ఉక్రోషంతో మా బావ పెట్టెని నా వ్యాను మీదకి విసిరాడు. రాళ్లకి అప్పటికే చిట్లిన ముందద్దం పగిలి, పెట్టె ముక్కలై లోపల పడింది. ఆ తర్వాత ఎవరో పోలీసులొస్తున్నారని అరిచారు, అంతా చెదిరిపోయారు.

పొద్దు వాలేవేళకి అమ్మగారు గాజుపెంకులు ఊడ్చి, ఒక విరిగిన బెంచీ మీద కొవ్వొత్తులు రెండూ వెలిగించింది. నర్సమ్మ తోటలోంచి తిరిగొచ్చి మేస్టారి తలకి ఏడు కుట్లు వేసింది. అందరి ముందూ నేను టీ కొట్టు సంగతి చెప్పేశాను. పనిలోంచి తీసేస్తారనుకున్నాను. మేస్టారు, "నీ మేనకోడలికి ఎలా ఉందో కనుక్కున్నావా?" అన్నారు. ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే బాగుండేది.

కనుక్కోలేదు. తెల్లవారాక మా అక్కే జుట్టు విరబోసుకుని బడికి పరుగెత్తుకొచ్చింది. "ఒరే తమ్ముడా, గుంటకి ఊపిరందటం లేదురా. డొక్కలు లోనికెల్లిపోతన్నాయి. మీ బావ గుమ్మం దాటనీడు. బేగి రారా!" నేను కదల్లేదు. పక్కటెముకలు నొప్పి అని ఇప్పటికీ అనొచ్చు గానీ, నిజానికి భయం. మేస్టారు తలకి కట్టుతో లేచి, తిన్నగా వెళ్లి వ్యాను ముందు సీటులో కూర్చున్నారు.

"మేస్టారూ, ఈ రోజు శనివారం" అన్నాను.

"ప్రాణం పోతుంటే శనివారం ఆగుతుందయ్యా. మా పెద్దలు చెప్పిన మాటే. ఎక్కు. నువ్వు ఎక్కకపోతే నేనే తోలతాను. నాకు తోలడం రాదని నీకు తెలుసు, ఆలోచించుకో."

ఎక్కాను. మా అక్క ఇంటి ముందు మా బావ అదే గునపంతో నిలబడి ఉన్నాడు. "అమ్మోరు దిగిన గుంటని ఇంటి నుంచి కదిపితే సచ్చిపోతాది. ఎవుడు ముందుకొచ్చినా తల రెండు సేస్తాను" అన్నాడు. ఏడుస్తూ అన్నాడు. మేస్టారు దిగి, చేతులు జోడించి నడిచారు. గునపం తిరిగింది. ఆయన భుజానికి తగిలి, ఆయన ఎగిరి వ్యాను తలుపుకి కొట్టుకున్నారు. అప్పుడు నేను జాకీ రాడ్డు తీసుకుని దూకాను. ఒక దెబ్బ తగిలించాను, మా బావ చెవి చిట్లింది. రెండో దెబ్బకి రాడ్డు నా చేతిలో లేదు. వాడు నా గుండెల మీద కూర్చున్నాడు, రెండు బొటనవేళ్లూ నా గొంతు మీద. చూరుకి కట్టిన వేపమండలు పచ్చగా, తర్వాత నల్లగా కనిపించాయి. అప్పుడొకటి పుటుక్కుమంది. నా మెడ కాదు. మా అక్క రోకలి మా బావ మోచేతి మీద పడింది. ఎన్నో ఏళ్ల కాపురంలో ఆ మనిషి ముందు గొంతెత్తని మా అక్క, రోకలి పక్కన పెట్టి, లోపలికెళ్లి, కూతుర్ని భుజాన వేసుకుని, మా ఇద్దర్నీ దాటుకుని వ్యాను ఎక్కింది. "తోలు" అంది.

రైల్వే గేటు పడి ఉంది. అద్దం లేని ముందు నుంచి దుమ్ము కొడుతోంది. వెనక గుంట ఊపిరి కొలిమితిత్తిలా బుసకొడుతూ, ఆగుతూ, మళ్లీ బుసకొడుతోంది. పక్క అద్దంలో చూస్తే మా బావ పరుగెత్తి వస్తున్నాడు, ఒక చెయ్యి వేలాడుతోంది, చెవి నుంచి నెత్తురు. జాకీ రాడ్డు అక్కడే వదిలేశానని అప్పుడు గుర్తొచ్చింది. వచ్చి వెనక తలుపు లాగాడు. మేస్టారు తిరిగి చూసి, "అమ్మా, కొంచెం జరుగు, అతన్ని కూర్చోనీ" అన్నారు, బస్సులో చెప్పినట్టు. మా బావ ఎక్కాడు. మంచి చేత్తో కూతురి పాదం పట్టుకున్నాడు. గేటు లేచింది, తోలాను.

పెద్దాసుపత్రిలో మమ్మల్ని చూసి, "వీళ్లలో పేషెంటెవరు?" అన్నారు. తల పగిలిన ఒకరు, చెయ్యి విరిగిన ఒకరు, పళ్లు లేని ఒకరు. ముగ్గురం ఒకేసారి మా అక్క భుజం వైపు చూపించాం.

గుంట బతికింది. ఊపిరితిత్తులు తేరుకున్నాయి గానీ జ్వరం ఎడమ చెవిని పట్టుకుపోయింది. ఇంకో రోజు ముందు తెచ్చుంటే చెవి దక్కేదేమో అన్నాడు డాక్టరు. ఆ ఒక్క రోజూ శుక్రవారమే. తర్వాతి వారం నర్సమ్మ టీకాలు మళ్లీ తెచ్చింది, ఈసారి రాళ్లు రాలేదు. చేతికి కట్టు విప్పాక మా బావ ఒక కొత్త పెట్టె చేయించుకొచ్చి, ఎవరూ అడక్కుండానే బడి గుమ్మానికి కొట్టాడు. విరిగి అతికిన చెయ్యి కదా, వంకరగా వచ్చింది. సిగ్గుపడి పీకబోతుంటే మేస్టారు ఆ చెయ్యి పట్టుకుని, "ఉండనీ, మాది వంకరగానే ఉండాలి" అన్నారు. ఆ శనివారం గురించి నేనూ మా బావా ఇవాళ్టి దాకా ఒక్క మాట అనుకోలేదు. రెండేళ్ల తర్వాత ఆ దంపతులు గుంటూరు వైపు వెళ్లిపోయారు. బడిలో ఇప్పుడు ఎరువుల బస్తాలు ఉంటాయి, మోసేది మా బావే.

కొత్త సీట్లతో ఇంటికొచ్చేసరికి మా మేనకోడలు అరుగు మీద కూర్చుని చదువుకుంటోంది. తొమ్మిదో తరగతి, నా కన్నా మూడు తరగతులు ఎక్కువ. నా చేతిలో మూత చూసి, "ఏటది మావయ్యా?" అంది. "అమ్మోరి తలుపు" అన్నాను, అలవాటు చొప్పున, నోరు తనంతట తాను. పిల్ల మొహం అలాగే పెట్టుకుని చూస్తోంది. నేను ఎడమ పక్కన నిలబడ్డాను, వినపడలేదు. అటు తిరిగి, కుడి పక్కకి వెళ్లి కూర్చుని, ఈసారి ఉన్నదున్నట్టు మొదటి నుంచీ చెప్పాను. మధ్యలో నడిచింది రెండడుగులే. అవి నడవడానికి నాకు ఏడేళ్లు పట్టింది.